ఇల్లు అమ్మించే విద్య

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈ రెండు పనులకు ఒక పోలిక ఉన్నది. రెండింటిలోను ఇరుపక్షాల వారిని కలిపే మూడవ మనిషి ఒకడు ఉంటాడు. పెళ్ళి సంబంధాలకు పేరయ్య ఎట్టివాడో, ఇళ్ళ బేరాలకు, స్థలాల బేరాలకు దళారి అట్టివాడు. నూరు అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చేయవచ్చునని పేరయ్యకు లోకం ఒక వెసులుబాటు ఇచ్చినది. దళారులలో కొందరు ఆ వెసులుబాటు తమకు కూడ వర్తిస్తుందని తలచినారు. చిక్కు అక్కడనే వచ్చినది.

ఒక ఉపాధ్యాయుని తలచుకొందాము. ముప్పది సంవత్సరాలు పాఠాలు చెప్పినాడు. పదవీ విరమణ నాడు ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ కలిపి చేతికి వచ్చిన మొత్తంలో ముప్పాతిక భాగం ఒక ఇంటి స్థలానికి పెట్టదలచినాడు. విద్యార్థి వ్రాసిన జవాబు పత్రంలో ఒక్క వట్రసుడి తప్పును కూడ విడిచిపెట్టని ఆ మనిషి, స్థలం చూపించినవాడు "టైటిలు క్లియరేనండి మాస్టారూ, నాది పూచీ" అనగానే సంచకరువు చేతిలో పెట్టి వస్తాడు. ఆ చెప్పినవాడు ఏమి చదివినాడు? ఈ పని చేయుటకు అతనికి అనుమతి ఇచ్చినది ఎవరు? రేపు మాట తప్పితే జవాబు చెప్పవలసినది ఎవరు? ఈ మూడు ప్రశ్నలు సామాన్యంగా ఎవరికీ తోచవు. తోచినా, అడుగుట మర్యాద కాదేమోనని ఊరకుంటారు. ఈ ప్రశ్నలకు చట్టం ద్వారా సమాధానం చెప్పించిన దేశాలు కొన్ని కలవు. వారు ఏమి చేసినారో, మనం ఎంతవరకు వచ్చినామో తెలుసుకొనుట గృహస్థులకే కాక, రేపటి గృహస్థులైన విద్యార్థులకు కూడ ఉపయోగకరం.

నలుబది ఇళ్ళవారి సాక్ష్యం

దళారి అనే మాట మనది కాదు. అరబ్బీలోని "దల్లాల్" పారసీకం, హిందూస్థానీల మీదుగా మనకు వచ్చినది. త్రోవ చూపించువాడు అని దాని మూలార్థం. ఇంగ్లీషు వారి "బ్రోకరు" మొదట ద్రాక్షసారా పీపాలను తెరచి చిల్లరగా అమ్మేవాడట. అంటే సరకు తనది కాకపోయినా దానిని కొనేవాని దగ్గరకు చేర్చి మధ్యలో బ్రతికేవాడు ప్రతి నాగరికతలోను ఉన్నాడన్నమాట.

అయితే భూమి అమ్మకంలో ఇతనికి చోటు తరువాతి కాలంలోనే విశేషంగా దొరికినది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఇంటి అమ్మకానికి ఒక పద్ధతి చెప్పబడినది. మొదట జ్ఞాతులకు, తరువాత ఇరుగు పొరుగు వారికి, ఆ తరువాత ఋణదాతలకు కొనే హక్కు ఉన్నది. అమ్మకాన్ని ఇంటి ముందు, నలుబది పొరుగు కుటుంబాల వారి ఎదుట, హద్దులు ఇట్టివని, వెల ఇంత అని ముమ్మారు చాటవలెను. అడ్డు చెప్పేవారు లేకపోతే కొనేవాడు కొనవచ్చును. పోటీ వలన వెల పెరిగితే పెరిగిన భాగం రాజు బొక్కసానికి పోతుంది.

ఈ పద్ధతిలోని వివేకం గమనింపదగినది. ఆ ఇంటికి ఎవరు హక్కుదారులో, హద్దులు ఎక్కడో, అప్పు ఏమి ఉన్నదో నలుబది ఇళ్ళవారికి తెలుసును. అబద్ధం చెప్పుటకు అవకాశం తక్కువ. కాని నేటి నగరంలో అమ్మేవాడెవరో కొనేవానికి తెలియదు. పొరుగువాడికి పొరుగువాని పేరే తెలియదు. నలుబది ఇళ్ళవారి నోట పలికిన సత్యాన్ని నేడు ఒక్క మనిషి నోట వినవలసి వస్తున్నది. అట్టి మనిషికి చదువు, శీలం, జవాబుదారీ ఉండవలెనని కోరుట అత్యాశ కాదు.

ముళ్ళ చెట్టుకు నారింజపండ్లు

ఈ కోరిక చట్టరూపం ధరించిన చోటు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. దానికి పూర్వరంగం కొంత ఉన్నది. 1880ల నడుమ లాస్ ఏంజెలెస్ ప్రాంతానికి రెండవ రైలు కంపెనీ దారి వేసినది. రెండు కంపెనీల పోటీలో ఛార్జీలు పడిపోయి, 1887 మార్చిలో ఒకనాడు కాన్సాస్ సిటీ నుండి లాస్ ఏంజెలెస్ టిక్కెట్టు ఒక్క డాలరుకు దిగినది. జనం వెల్లువగా వచ్చినారు. స్థలాలు అమ్మేవారు వారిని బ్యాండు మేళాలతో, ఉచిత భోజనాలతో ఎదుర్కొన్నారు. కాగితం మీద పట్టణాలు వెలసినవి. ఎడారిలోని ముళ్ళ చెట్లకు నారింజపండ్లు గుచ్చి ఇది పండ్లతోట అని అమ్మినారని ఇప్పటికీ కథలుగా చెప్పుకొంటారు. ఆ సందడి ఏడాది రెండేండ్లలో అణగిపోయినది. అనేక పట్టణాలు పటాలలోనే మిగిలినవి. నేడు మన వెంచర్లకు బస్సులలో తీసుకొనిపోయి భోజనం పెట్టి ప్లాటు చూపించే పద్ధతిని ఎరిగిన వారికి ఈ కథ అంత కొత్తగా తోచదు.

ఇట్టి అనుభవాల తరువాత 1917లో కాలిఫోర్నియా శాసనసభ స్థలాల దళారులకు లైసెన్సు ఉండవలెనని చట్టం చేసినది. అమెరికాలో ఇట్టి చట్టాలలో ఇదే మొదటిది. కోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. శాసనసభ పట్టు విడువక 1919లో మరియొక చట్టం చేసినది. అది నిలిచినది. క్రమంగా తక్కిన రాష్ట్రాలు కూడ ఆ త్రోవనే పోయినవి. అమెరికాలో ఇది రాష్ట్రాల అధికారం. ఒక రాష్ట్రపు లైసెన్సు ఉన్నంత మాత్రాన మరియొక రాష్ట్రంలో స్వేచ్ఛగా వ్యాపారం చేయుటకు వీలు లేదు.

రెండు మెట్లు

కాలిఫోర్నియాలో లైసెన్సుకు రెండు మెట్లు ఉన్నవి. మొదటి మెట్టు విక్రయ ప్రతినిధి; వారి భాషలో సేల్స్‌పర్సన్. రెండవ మెట్టు బ్రోకరు.

మొదటి మెట్టు ఎక్కుటకు పదునెనిమిదేండ్ల వయస్సు నిండవలెను. వ్రేలిముద్రలు ఇచ్చి నేరచరిత్ర విచారణకు లోబడవలెను. కళాశాల స్థాయి పాఠ్యవిషయాలు మూడు పూర్తి చేయవలెను. స్థిరాస్తి సూత్రాలు, స్థిరాస్తి వ్యవహార పద్ధతి అనేవి తప్పనిసరి. మూడవదానిని జాబితా నుండి ఎన్నుకొనవచ్చును. మూడింటికి కలిపి 135 గంటల చదువు. పిమ్మట మూడు గంటల పరీక్ష, 150 ప్రశ్నలు, నూటికి 70 రావలెను.

ఇంత చేసినా అతడు స్వతంత్రుడు కాడు. ఒక బ్రోకరు క్రింద మాత్రమే పని చేయవలెను. కొనేవాని నుండి గాని అమ్మేవాని నుండి గాని నేరుగా రుసుము పుచ్చుకొనరాదు. తన బ్రోకరు చేతి మీదుగానే పుచ్చుకొనవలెను. అతని పనిని పర్యవేక్షించే బాధ్యత బ్రోకరుది. పర్యవేక్షణలో లోపం ఉంటే బ్రోకరు లైసెన్సుకే ముప్పు.

రెండవ మెట్టుకు రెండేండ్ల పూర్తికాలపు అనుభవం కావలెను. అది గడచిన అయిదేండ్లలోపల సంపాదించినదై ఉండవలెను. స్థిరాస్తి శాస్త్రం ప్రధానంగానో, ఉపవిషయంగానో చదివి నాలుగేండ్ల పట్టం పొందినవారికి ఈ అనుభవం బదులు ఆ పట్టం చెల్లుతుంది. పాఠ్యవిషయాలు మూడు కాక ఎనిమిది. న్యాయాంశాలు, ఋణ వ్యవహారాలు, ఆస్తి విలువ కట్టుట, అర్థశాస్త్రం లేక గణకశాస్త్రం వీనిలో చేరినవి. పరీక్షలో 200 ప్రశ్నలు; నూటికి 75 రావలెను. అప్పుడు మాత్రమే తన పేర బోర్డు కట్టుకొని, ఇతరులను తన క్రింద పెట్టుకొనవచ్చును. ఏ మెట్టువారైనా నాలుగేండ్లకొకసారి లైసెన్సు మార్పించుకొనవలెను. అందుకు 45 గంటలు మరల చదువవలెను.

మన చదువరులకు ఇది అపరిచితమైన క్రమం కాదు. న్యాయవాది కాదలచినవాడు సీనియరు దగ్గర కూర్చొని ఫైళ్ళు మోసినట్లు, ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవాడు మరియొకరి తరగతిలో పాఠం చెప్పినట్లు ఉన్నది. పుస్తకం చదివినవానికి ప్రవేశం ఇచ్చి, చేయి తిరిగిన తరువాతనే స్వాతంత్ర్యం ఇచ్చుట దీనిలోని సూత్రం.

పూడ్చిన నేల కథ

ఆ పరీక్షలో ఏమి అడుగుతారు? హక్కులు, ఒడంబడికలు, విలువ కట్టుట, అప్పులు, బదిలీలు అన్నీ ఉంటవి. కాని అన్నింటికంటె పెద్ద భాగం, సుమారు నాలుగింట ఒక వంతు, వ్యవహార పద్ధతికి, తెలిసిన దోషాలను బయటపెట్టుటకు సంబంధించినది. ఇంటిని పొగడుట కంటె ఇంటి తప్పు చెప్పుటకు ఎక్కువ చదువు కావలెనని వారు గ్రహించినారు.

ఈ గ్రహింపుకు బలం ఇచ్చిన వ్యాజ్యం ఒకటి కలదు. 1976లో ఒక స్త్రీ కాలిఫోర్నియాలో 1,70,000 డాలర్లకు ఒక ఇల్లు కొన్నది. ఆ ఇల్లు సరిగా గట్టిపడని పూడిక నేల మీద కట్టినది. కొన్న కొద్ది కాలానికే నేల జారి ఇల్లు దెబ్బ తిన్నది. బాగుచేయుటకు కొన్న వెలకంటె ఎక్కువ, 2,13,000 డాలర్ల దాకా కావచ్చునని అంచనా వేసినారు. దళారులు అబద్ధం ఏమీ చెప్పలేదు. అయితే నేల పూడ్చినదని వారిలో ఒకరికి తెలుసును. వాలు మీద మట్టి జారకుండా పరచిన వల మరియొకరి కంట పడినది. నేల సమంగా లేని జాడలు కూడ కనిపించినవి. చూచినారు, ఆరా తీయలేదు.

1984లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పినది. తెలిసినది దాచకుండుట మాత్రమే చాలదు. తగు శ్రద్ధతో ఇంటిని పరిశీలించి, తెలుసుకొనదగినది తెలుసుకొని కొనేవానికి చెప్పుట కూడ దళారి విధి అని ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడాదే శాసనసభ ఈ విధిని చట్టంలో చేర్చినది. "నాకు తెలియదండి" అనే మాట సామాన్యునికి రక్షణ కావచ్చును. తెలుసుకొనుటకే లైసెన్సు పుచ్చుకొన్నవానికి కాదు. ఈ భేదమే వృత్తికీ, వట్టి వ్యాపారానికీ మధ్య హద్దురాయి.

సొమ్ము విషయంలోను ఇట్టి కట్టుబాటే ఉన్నది. కొనేవాడు ఇచ్చిన అడ్వాన్సును బ్రోకరు తన సొంత సొమ్ముతో కలుపరాదు. మూడు పనిదినాలలోపల ఎవరికి చెందవలెనో వారికి చేర్చవలెను, లేదా ప్రత్యేక నిక్షేపపు ఖాతాలో వేయవలెను. కాగితాలు మూడేండ్లు భద్రపరచవలెను. ఒకే బేరంలో ఇరుపక్షాలకు ప్రతినిధిగా ఉండదలిస్తే ఇద్దరికీ తెలియజెప్పి సమ్మతి పొందవలెను. ఇంత జరిగినా మోసం చేసేవాడు ఉండకపోడు. అందుకొరకు ఒక పరిహార నిధి ఏర్పరచినారు. లైసెన్సుదారు మోసం చేసినట్లు కోర్టులో తీర్పు పొంది, అతని దగ్గర రాబట్టుకొనలేనివారికి ఆ నిధి నుండి ఒక్కొక్క వ్యవహారానికి 50,000 డాలర్ల వరకు ఇస్తారు.

తక్కిన రాష్ట్రాలలో మెట్లు ఇవే అయినా ఎత్తులు వేరు, పేర్లు వేరు. టెక్సస్‌లో మొదటి మెట్టుకు 180 గంటల చదువు. బ్రోకరు కావలెనంటే నాలుగేండ్ల అనుభవం. న్యూయార్కులో బ్రోకరుకు ఇరువది ఏండ్లు నిండవలెను. కొలరాడోలో అందరినీ బ్రోకర్లనే పిలిచి, వారిలోనే సహాయ బ్రోకరు, స్వతంత్ర బ్రోకరు, యజమాని బ్రోకరు అని అంతరాలు పెట్టినారు. కనుక ఆ దేశంలో ఇల్లు కొనే మన తెలుగువారు, లేదా ఆ వృత్తిలో ప్రవేశింపగోరే మన యువకులు, కార్డు మీది పేరు చూచి సరిపెట్టుకొనరాదు. ఆ రాష్ట్రంలో ఆ పేరుకు అర్థం ఏమిటో తెలుసుకొనవలెను.

పరీక్ష ఇవ్వలేనిది

ఇంతవరకు చెప్పినది విని, పరీక్షలు పెట్టగానే లోకం బాగుపడుతుందని తలచరాదు. అమెరికాలో 1908లో ఏర్పడిన స్థిరాస్తి వర్తకుల జాతీయ సంఘం 1913లోనే తన సభ్యులకు ఒక నీతినియమావళి రచించుకొన్నది. ఆ నియమావళిలోనే 1924లో ఒక నియమం చేరినది. ఏ జాతివారు వస్తే ఒక పేటలో ఇళ్ళ వెలలు తగ్గునని తలుస్తారో, ఆ జాతివారిని ఆ పేటకు తీసుకొనిరారాదని దాని భావం. నల్లవారికి తెల్లవారి పేటలో ఇల్లు చూపించుట నీతిబాహ్యమైనది! 1950లో జాతి ప్రస్తావనను తొలగించినారు. 1968లో కేంద్ర చట్టం ఇళ్ళ అమ్మకంలో ఇట్టి వివక్షను నిషేధించినది. 2020లో ఆ సంఘపు అధ్యక్షుడు గతానికి బహిరంగంగా క్షమాపణ చెప్పినాడు. చదువుకొన్నవారు, పరీక్షలు నెగ్గినవారు, నీతినియమావళి చేత పట్టుకొన్నవారు చేసిన అన్యాయమిది. జ్ఞానానికి పరీక్ష పెట్టవచ్చును. న్యాయబుద్ధికి పెట్టుట కష్టం.

రుసుము విషయంలోను చాలకాలం వివాదం నడచినది. అమ్మేవాడు ఇచ్చే కమీషనులోనే కొనేవాని దళారికి కూడ వాటా ముందుగా చూపే పద్ధతి పోటీని చంపుతున్నదని కొందరు వ్యాజ్యం వేసినారు. 2023 అక్టోబరులో జ్యూరీ సంఘానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పినది. తరువాత 41 కోట్ల 80 లక్షల డాలర్లకు రాజీ కుదిరి, 2024 ఆగస్టు నుండి నియమాలు మారినవి. దళారి ఇల్లు చూపించుటకు ముందే అతని రుసుము ఎంతో కొనేవానితో వ్రాతమూలకంగా ఒప్పుకొనవలెనన్నది వానిలో ముఖ్యమైనది.

మన ఇంట

మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం అమ్మేవానికి, కొనేవానికి, దస్తావేజుకు నియమాలు విధించినవి. స్థలాల దళారికి దేశమంతటా వర్తించే చట్టం వచ్చుటకు 2016 దాకా ఆగవలసి వచ్చినది. ఆ ఏడాది పార్లమెంటు చేసిన రియల్ ఎస్టేటు చట్టం, ప్రజల నోట "రేరా", 2017 మే 1 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చినది. దాని 9వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని ఏజెంటు, చట్టం క్రిందికి వచ్చే ప్రాజెక్టులలో ప్లాటు గాని ఫ్లాటు గాని అమ్మించరాదు. తాను మధ్యవర్తిత్వం వహించే ప్రతి అమ్మకంలోను తన రిజిస్ట్రేషను నంబరు పేర్కొనవలెను. 10వ సెక్షను ప్రకారం రిజిస్టరు కాని ప్రాజెక్టును అమ్మించరాదు, లెక్కలు ఉంచవలెను, లేని సౌకర్యాలు ఉన్నవని చెప్పరాదు. ఈ రెండు సెక్షన్లను ఉల్లంఘిస్తే, ఉల్లంఘన సాగినన్నాళ్ళు రోజుకు 10,000 రూపాయల వంతున జరిమానా. అది ఆ ఆస్తి విలువలో నూటికి అయిదు వరకు పెరుగవచ్చును.

మన మూడు ప్రశ్నలలో రెండింటికి, అనుమతి ఎవరిది, జవాబు చెప్పేది ఎవరు అనే వానికి, ఈ చట్టం సమాధానం చెప్పినది. మొదటి ప్రశ్నకు, ఏమి చదివినాడు అనే దానికి మాత్రం చెప్పలేదు. పేరు, ఫొటో, చిరునామా, పాన్ కార్డు, వ్యాపార వివరాలు ఇచ్చి రుసుము కడితే చాలును. చట్టంలో చదువు ప్రసక్తి లేదు, పరీక్ష ప్రసక్తి లేదు, మెట్లు అసలే లేవు. మన దేశంలో బీమా ఏజెంటు కాదలచినవాడు కూడ పరీక్ష నెగ్గవలెను. ఏడాదికి కొన్ని వేల ప్రీమియం కట్టించేవానికి పరీక్ష ఉండి, జీవితమంతా కూడబెట్టిన లక్షలను ఒక్క సంతకంతో మార్పించేవానికి లేకుండుట వింతయే. ఈ లోపాన్ని మొదట గుర్తించిన రాష్ట్రాలలో మహారాష్ట్ర ఒకటి. 2023 జనవరిలో అక్కడి రేరా సంస్థ ఏజెంట్లకు శిక్షణను, పరీక్షను తప్పనిసరి చేసినది. మే నెలలో మొదటి పరీక్ష జరిగినది. చట్టాన్ని మార్చకనే ఒక రాష్ట్రం ఇంత చేయగలిగినప్పుడు తక్కిన రాష్ట్రాలకు అది అసాధ్యం కాదు.

మరియొక సంగతి మరువరాదు. రేరా నీడ అంతటా పడదు. స్థలం విస్తీర్ణం 500 చదరపు మీటర్లకు మించని ప్రాజెక్టులకు, ఎనిమిదికి మించని ఫ్లాట్లు గలవానికి రిజిస్ట్రేషను అక్కరలేదు. ఒకరు కాపురమున్న పాత ఇంటిని మరియొకరికి అమ్మించేవాడు, పల్లెలో పొలం బేరం కుదిర్చేవాడు దీని పరిధిలోనికి రారు. అక్కడ కొనేవానికి నేటికీ తన కన్నే రక్షణ. ఈ.సీ. తీయించుట, లింకు దస్తావేజులు వరుసగా చదువుట, సర్వే నంబరును అడంగలుతోనో పహాణీతోనో పోల్చుట, చతుస్సీమలను స్వయంగా నడచి చూచుట ఇవన్నీ అతని పనులే. వీనిలో ఒక్కటి కూడ పదవ తరగతి చదివిన పిల్లవానికి నేర్పలేనంత కఠినమైనది కాదు. వడ్డీ లెక్కలు, వైశాల్యాలు నేర్పే తరగతి గదిలోనే ఒకనాడు ఒక పాత దస్తావేజు నకలును తెచ్చి, హద్దులు చదివించి, పటం గీయించవచ్చును. లెక్కల మాస్టారికీ, తెలుగు మాస్టారికీ కూడ అందులో పని ఉన్నది.

దళారి వృత్తి నీచమైనదని ఎవరూ అనరాదు. తెలియని ఊరిలో తెలిసిన మనిషిగా నిలిచి, ఇరువురి అవసరాలు తీర్చే వృత్తి అది. నిజాయితీగా పనిచేసే మధ్యవర్తులు మన పట్టణాలలో ఎందరో ఉన్నారు. పరీక్షలు, మెట్లు ఏర్పడితే ముందుగా లాభించేది వారికే. ఎందుకనగా చదివి పని చేసేవానికీ, నోటి మాటతో నెట్టుకొనిపోయేవానికీ భేదం అప్పుడు లోకానికి కనిపిస్తుంది. అది ఏర్పడేవరకు కొనేవాడే పరీక్షాధికారి. రిజిస్ట్రేషను నంబరు అడిగి రేరా వెబ్‌సైటులో సరిచూచుకొనుట, రుసుము ఎంతో ముందే కాగితం మీద వ్రాయించుకొనుట, "నాది పూచీ" అన్నవానిని "ఏ కాగితం చూచి?" అని అడుగుట ఆ పరీక్షలోని మూడు ప్రశ్నలు. జవాబులు వినకుండ మార్కులు వేయుట మన ఉపాధ్యాయులకు అలవాటు లేదు. స్థలం కొనేనాడు కూడ ఆ అలవాటు చేసుకొనవద్దు.